మల్లెపువ్వు కవచం

అనగా అనగా ఒక కోట. ఆ కోటలో కిటికీలకంటే అద్దాలు ఎక్కువ. ఆ కోట ఉన్న రాజ్యం పైడికొండ, దాన్ని ఏలే రాజు మదనపాలుడు. బయట ఏం జరుగుతోందో తొంగి చూసే అలవాటు ఆయనకు లేదు. తన్ను తాను చూసుకునే అలవాటు మాత్రం దండిగా ఉంది. అయితే ఈ కథ ఆ రాజుది కాదు పిల్లలూ. ఆ రాజుకు ఇనుముతో బట్టలు చేసిపెట్టిన కమ్మరి సూరాంబది.

సూరాంబ తండ్రి ఆ రాజ్యంలో కవచాలు చేసేవాడు. ఆయన పోయేనాటికి ఆమెకు పదహారేళ్ళు, తమ్ముడు మల్లోజుకు మూడేళ్ళు. తల్లి అంతకుముందే పోయింది. "ఆడపిల్ల సుత్తి పట్టడమేమిటి!" అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. సూరాంబ ఆ మాటలు పట్టించుకోలేదు, సుత్తి పట్టుకుంది. తమ్ముణ్ణి కొలిమి పక్కన చాప మీద పడుకోబెట్టి పని చేసుకునేది. సుత్తి చప్పుడు ఆగితే వాడు లేచి ఏడ్చేవాడు, మళ్ళీ మోగితే నిద్రపోయేవాడు.

వాడు పెరిగి పెద్దవాడై రాజుగారి రౌతుల్లో చేరాడు. పైడికొండకు మూడు వందల మంది రౌతులు. అందరిలోకీ మల్లోజు అందగాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. సూరాంబకు లోకంలో వాడు తప్ప ఇంకెవరూ లేరు. ఎవరి కోసం కవచం చేస్తున్నా, ఇది నా తమ్ముడి రొమ్ము మీద ఉంటుందనుకునే సుత్తి ఎత్తేది.

ఆ రాజ్యంలో తాతల నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. కవచం తయారు కాగానే దాన్ని తుమ్మ మొద్దుకు తొడిగేవారు. ముప్పై అడుగుల దూరం నుంచి ఒక విలుకాడు ఉక్కుమొన బాణంతో దాన్ని కొట్టేవాడు. బాణం దూరిపోతే ఆ కవచం మళ్ళీ కొలిమి పాలు. దూరకుండా సొట్ట మాత్రం పడితే అది గట్టి కవచం. ఆ సొట్టను సాక్షిగుంట అనేవారు. దాన్ని సరిచేయకూడదు, పూడ్చకూడదు, చెరపకూడదు. రౌతు గుర్రమెక్కే ముందు ఆ గుంటలో బొటనవేలు పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. నన్ను చంపవలసిన బాణం ఒకటి ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయిందని అతనికి ధైర్యం. ఆ గుంట చూడడానికి ఏమంత బాగుండదు, నిజమే.

ఒకనాడు మదనపాలుడు సూరాంబను పిలిపించాడు.

"సూరాంబా, కొలువులో కూర్చుంటే నేను మన్మథుడిలా ఉంటాను. కవచం తొడిగితే నీళ్ళకాగు బోర్లించుకున్నట్టు ఉంటాను. ఇదేం న్యాయం? చూడు, ఇప్పుడందరూ బుట్ట చేతుల అంగీలు తొడుగుతున్నారు. నాకు ఇనుముతో బుట్ట చేతులు చేసిపెట్టు."

సూరాంబకు నవ్వొచ్చింది, కానీ లోపల చేతులు దురదపెట్టాయి. పనిమంతులకు అది సహజం. నెల రోజులు కూర్చుంది. ఇనుమును కాల్చి, కొట్టి, ఉబ్బించి, గాలి నిండిన పట్టులా చేసింది. బుట్ట మీద ముడతలు కూడా తీర్చింది. దూరం నుంచి చూస్తే ఎవరికైనా పట్టుబట్టే అనిపించేది. ఉబ్బుగా ఉండడం వల్ల దెబ్బ తగిలితే పక్కకు జారిపోయేది కూడా. తుమ్మ మొద్దు దగ్గర కవచం నిలిచింది, రొమ్ము మీద సాక్షిగుంట పడింది. రాజు ఆ గుంటను చూసి మూతి ముడుచుకున్నాడు, దాని మీద ఒక పతకం వేలాడదీసుకున్నాడు. సూరాంబకు మాత్రం పట్టుశాలువా కప్పాడు. ఆమెకు అంతవరకు ఎవరూ శాలువా కప్పలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి బుట్ట చేతులు పాతబడ్డాయి. మళ్ళీ పిలుపు వచ్చింది.

"ఇప్పుడంతా కుచ్చిళ్ళ జామాలు, పొడుగాటి అంగీలు. నడుము నుంచి మోకాళ్ళ దాకా ఇరవైనాలుగు కుచ్చిళ్ళు కావాలి. అంచుకు బంగారు జరీ."

ఈసారి సూరాంబ మనసు కలుక్కుమంది. కుచ్చిలి అంటే మడత, మడత అంటే సందు. సాపు రేకు మీద బాణం జారిపోతుంది. సందులో దూరితే ఎక్కడికీ పోదు, లోపలికే పోతుంది. పైగా ఆ బరువుతో మనిషి గుర్రం మీంచి పడితే తనంతట తాను లేవలేడు. ఈ మాట చెప్పాలని నోరు తెరిచింది. అప్పటికే రాజు, "నీలాంటి పనిమంతురాలు ముల్లోకాల్లో లేదు" అంటున్నాడు. ఆమె నోరు మూసుకుంది. రొమ్ము భాగానికి పరీక్ష చేయించింది. కుచ్చిళ్ళకు చేయించలేదు. కుచ్చిళ్ళ మీద ఎవరు కొడతారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. పిల్లలూ, ఆ రోజును మీరు గుర్తుపెట్టుకోండి, ఆమె కూడా చచ్చేదాకా మర్చిపోలేదు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో గట్టుసీమవాళ్ళు సరిహద్దు ఏటికి అడ్డుకట్ట వేశారు. పైడికొండ పొలాలకు నీళ్ళు ఆగిపోయాయి. యుద్ధం తప్పదని అందరికీ అర్థమైంది. మంత్రులు దారుల గురించీ దాణా గురించీ మాట్లాడుకుంటుంటే రాజు మూడోసారి సూరాంబను పిలిపించాడు.

"నాకొక్కడికే కాదు, మూడు వందల మందికీ కొత్త కవచాలు కావాలి. ఉల్లిపొరలాంటి మల్లుగుడ్డ తొడిగినట్టు ఉండాలి. రొమ్ము మీద చీలికలుండాలి, చీలికల్లోంచి లోపలి ఎర్రపట్టు కనబడాలి. మా రౌతుల్ని చూసి శత్రువు కళ్ళు చెదిరిపోవాలి. ఇంకో మాట. ఆ పాడు గుంట ఉండకూడదు. పట్టుబట్టకు సొట్ట ఎక్కడైనా పడుతుందా?"

సూరాంబ చేతులు జోడించింది.

"దేవరా, ఉల్లిపొర అంత ఇనుము ఉల్లిపొర అంతే పని చేస్తుంది. చీలిక పెడితే అది బాణానికి మనం తీసిన తలుపు. గుంట లేని కవచం నా కొలిమి దాటదు."

"కుచ్చిళ్ళు అడిగినప్పుడు ఇవన్నీ చెప్పలేదే?"

ఆమె తల వంచుకుంది. "అప్పుడే చెప్పవలసింది, దేవరా. తప్పు చేశాను."

"అప్పుడు లేని భయం ఇప్పుడెక్కడిది? బద్ధకించి సాకులు చెబుతున్నావు" అన్నాడు రాజు. ఆమె సుత్తి లాక్కొమ్మన్నాడు. కొలిమికి ముద్ర వేయించాడు. "చేయనన్నావుగా, చేసినవాటిని తోముతూ కూర్చో" అన్నాడు.

కవచాల పని కామోజుకు ఇచ్చారు. కామోజు ఊరేగింపు రథాలకు రేకులు తాపే పనివాడు. వాడి చేతిలో రేకు తమలపాకులా వంగేది. పువ్వులు, లతలు, చిలకలు చెక్కడంలో వాడికి సాటి లేరు. కవచం మాత్రం జన్మలో చేసినవాడు కాదు. మూడు నెలల్లో మూడు వందల కవచాలు తయారయ్యాయి. బుట్ట చేతులు, కుచ్చిళ్ళు, చీలికలు, జరీ అంచులు, అన్నీ ఉన్నాయి. చూడడానికి రెండు కళ్ళూ చాలవు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒక్క ఇబ్బంది వచ్చింది. గుంట లేకపోయేసరికి రౌతులు గొణుక్కున్నారు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తోచక చేతులు రొమ్ము మీద తడుముకున్నారు. కామోజు తెలివైనవాడు. ప్రతి కవచానికీ సరిగ్గా గుండె మీద ఉలితో చిన్న పల్లం కొట్టాడు. దాని చుట్టూ రేకులు తీర్చి మల్లెపువ్వు చేశాడు. పువ్వుకు తెల్లగా వెండిపూత పూశాడు. రౌతులు అందులో బొటనవేలు పెట్టి చూసుకున్నారు. వేలు చక్కగా అమిరింది. "ఇంకేం, సాక్షిగుంట కూడా ఉంది!" అని మురిసిపోయారు. ఏ బాణమూ కొట్టని గుంట దేనికి సాక్షి అని ఒక్కడూ అడగలేదు.

సూరాంబ కోట వాకిట్లో కూర్చుని ఇటుకపొడి, నూనెగుడ్డ పట్టుకుని ఆ కవచాలు తోమింది. తోముతుంటే బొటనవేలి ఒత్తిడికే రేకు లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. ఆమె నూనెగుడ్డ పక్కన పడేసి లేచింది.

ముందు కామోజు దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఒక్కటంటే ఒక్కదాన్ని తుమ్మ మొద్దుకు తొడిగి చూడు" అంది.

"నా రథాల మీద ఇంతవరకు ఎవరూ బాణం వేయలేదమ్మా. దేవుడి పని చేసిన చెయ్యి ఇది, పరీక్షలు పెట్టకు" అన్నాడు కామోజు.

తర్వాత రాజు దగ్గరికి వెళ్ళింది. ఆయన అద్దం ముందు ఉన్నాడు. వెనక్కి తిరగకుండా అద్దంలోంచే ఆమెను చూసి, "గుంట గుంట అన్నావుగా, పెట్టించాను, నీ దానికంటే అందంగా" అన్నాడు.

చివరికి తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడు రేపు తెల్లవారుతూనే బయలుదేరాలి. కొత్త కవచం తొడుక్కుని గుర్రపుశాల ముందు నిలబడ్డాడు. దిష్టి తగిలేంత అందంగా ఉన్నాడు. అక్క చేతిలో వాడు ఎన్నాళ్ళుగానో తొడిగిన పాత కవచం ఉంది. నల్లది, మోటుది. రొమ్ము మీద ఒక సొట్ట.

"ఒరేయ్ మల్లా, ఇది తొడుక్కోరా."

"అక్కా! మూడు వందల మంది పెళ్ళికొడుకుల్లా ఉంటే నేనొక్కణ్ణీ కాగు బోర్లించుకుని వెళ్ళనా?"

"కాగులా ఉంటే ఉండరా నాయనా. బతికుంటావు."

"రాజుగారు ఊరుకోరక్కా."

"గంగన్న విషయంలో ఊరుకున్నారు కదరా?"

మల్లోజు పకపకా నవ్వాడు. గంగన్న ముసలి రౌతు. కొత్త కవచం ఆయన బొజ్జకు పట్టలేదు. కట్లు మూడుసార్లు తెగాయి. విసుగెత్తి ఆయన్ను పాత కవచంతోనే వెనక వరుసలో రమ్మన్నారు. "ఆయనకు బొజ్జ ఉందక్కా, నాకేం సాకుంది?" అన్నాడు మల్లోజు.

సూరాంబకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నిన్ను ఈ చేతుల్తో పెంచానురా. నా మీద ఒట్టు" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి వాడు మెత్తబడ్డాడు.

"సరే సరే, ఇలా ఇవ్వు. పట్టుకెళ్తాను. రాజుగారు చూడకుండా అక్కడ మార్చుకుంటాను."

"మార్చుకుంటావుగా?"

"మార్చుకుంటానక్కా."

ఆమె నమ్మింది. నమ్మకపోతే ఇంటికి నడిచి వెళ్ళడానికి కాళ్ళు రావు కదా, అందుకని నమ్మింది. మర్నాడు పొద్దున్నే కోట తలుపుల దగ్గర వాడు గుర్రం మీంచి వెనక్కి తిరిగి అక్కను చూశాడు. మల్లెపువ్వులో బొటనవేలు పెట్టి నవ్వాడు.

రెండు రోజులు ఊరు ఎదురు చూసింది. మూడోనాటి మధ్యాహ్నం ఎండలో ఒక గుర్రం వచ్చింది. దాని మీద గంగన్న ఉన్నాడు. పక్కన తాడుతో కట్టి ఇంకో గుర్రాన్ని తెస్తున్నాడు. దాని మీద అడ్డంగా ఒక మనిషిని పడుకోబెట్టి గుడ్డ కప్పాడు.

ముద్ర వేసి ఉన్న కొలిమి అరుగు మీద సూరాంబ కూర్చుని ఉంది. ఆ గుర్రం ఎవరిదో ఆమెకు దూరం నుంచే తెలిసింది. లేవలేదు. గంగన్న దిగి ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"పెళ్ళివారనుకున్నారమ్మా" అన్నాడు. "ఏటి అవతల గట్టుసీమ విలుకాళ్ళు బారులు తీరి ఉన్నారు. మమ్మల్ని చూసి విల్లులు దించేశారు. పట్టుబట్టలు, జరీ అంచులు చూసి పెళ్ళివారు దారి తప్పొచ్చారనుకున్నారంట. ఒకడు చెయ్యి కూడా ఊపాడమ్మా. వాళ్ళంతట వాళ్ళు బాణం వేసేవాళ్ళు కారు. అప్పుడు మన రాజుగారు కత్తి దూసి కొమ్ము ఊదించారు. గుర్రాలు ఏట్లోకి దూకాయి. అప్పుడు వాళ్ళకర్థమైంది, వచ్చింది యుద్ధానికని."

ముసలాయన తన కవచం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఎండలో ఆ తెల్లపువ్వులు మెరుస్తా ఉన్నాయమ్మా, మూడు వందల పువ్వులు. విలుకాడికి గురి చూపించినట్టు ఉన్నాయి. అందరికీ అక్కడే తగిలాయి. వెనకున్న నాకు మూడు తగిలాయి. ఇదిగో చూడు."

ఆయన నల్లటి కవచం మీద పాత గుంట పక్కన కొత్త గుంటలు మూడు ఉన్నాయి. ఆ కవచం సూరాంబ చేసిందే.

ఆమె లేచి వెళ్ళి గుడ్డ తీసింది. తమ్ముడి రొమ్ము మీద మల్లెపువ్వు ఉంది, పువ్వు మధ్యలో రంధ్రం ఉంది. వాడు నవ్వుతూ బొటనవేలు పెట్టిన చోటే. జీను వెనక ఒక మూట కట్టి ఉంది. విప్పితే అందులో పాత కవచం ఉంది. దాని మీద ఒకే ఒక్క సొట్ట.

"మార్చుకుంటానన్నాడమ్మా" అన్నాడు గంగన్న. "ఏటి ఒడ్డున రాజుగారు ముందుకెళ్ళిపోగానే మార్చుకుంటాను తాతా అని నాతోనే అన్నాడు. వీలు చిక్కలేదు."

సూరాంబ ఏడ్చిన ఏడుపు గురించి నేను చెప్పను. ఊళ్ళో ఆ రోజు ఏ ఇంట్లో చూసినా అదే ఏడుపు.

మర్నాడు రాజును పల్లకీలో తెచ్చారు. బాణం ఒకటి కుచ్చిళ్ళ సందులో దూరి తొడలో దిగింది. గుర్రం మీంచి పడ్డాడు. పడితే ఇనుప కుచ్చిళ్ళ బరువుకు లేవలేకపోయాడు. గట్టుసీమవాళ్ళే నవ్వుకుంటూ లేవదీసి, ఏరు తమదేనని రాయించుకుని పంపేశారు. ఆ కాలు మళ్ళీ తిన్నగా నిలవలేదు.

మదనపాలుడు పల్లకీలోంచే అరిచాడు. "కల్తీ ఇనుము వాడాడు! కామోజు తల తీయించండి!"

భటులు కామోజును ఈడ్చుకొచ్చారు. చనిపోయినవాళ్ళ తల్లులు, భార్యలు వాకిలి నిండా నిలబడ్డారు. అప్పుడు సూరాంబ గుంపులోంచి ముందుకొచ్చింది. గంగన్న బొజ్జకు పట్టక వాడకుండా మిగిలిన మల్లెపువ్వు కవచం ఆమె చేతిలో ఉంది. దాన్ని తుమ్మ మొద్దుకు తొడిగింది. విలుకాణ్ణి పిలిచింది. బాణం పువ్వులోంచి దూరి, మొద్దులో జానెడు దిగింది. కర్రలో అది కొట్టుకుంటున్న చప్పుడు అందరికీ వినబడింది.

"దేవరా, ఇనుములో కల్తీ లేదు, మందమే లేదు" అంది సూరాంబ. "ఈ బాణం మూడు నెలల క్రితం వేసి ఉంటే మూడు వందల ఇళ్ళలో దీపం ఉండేది. కామోజు చేసింది మీరు అడిగిందే. కుచ్చిళ్ళు అడిగినప్పుడు నేను నోరు మూసుకుంది మీ మెప్పు కోసమే. తలలు తీయాలంటే ఒకటి సరిపోదు. వాడిది, నాది, మీది, మూడు తీయాలి."

భటులు రాజు వైపు చూడలేదు, సూరాంబ వైపు చూశారు. రాజు ఎదురుగా ఉన్న తల్లుల ముఖాలు చూశాడు. అద్దంలో ఎన్నడూ కనబడని సంగతి ఏదో ఆ ముఖాల్లో కనబడింది కాబోలు, తల దించుకున్నాడు. కామోజును వదిలేయమని చెయ్యి ఊపాడు. సుత్తి తెప్పించి సూరాంబకు ఇప్పించాడు. ఏడ్చాడు కూడా. ఏడిస్తే ఏం లాభం?

కొలిమి మళ్ళీ వెలిగింది. ఈసారి సూరాంబ ఒక నియమం పెట్టింది. తమ్ముడి కవచాలు రెండూ కొలిమి గుమ్మానికి అటొకటి ఇటొకటి తగిలించింది. ఎడమవైపు మెరిసే మల్లెపువ్వు కవచం. కుడివైపు ఆనాడు వాడు తొడుక్కోని నల్ల కవచం. కవచం కావాలని వచ్చిన ప్రతివాడూ, రౌతయినా రాజయినా, ముందు ఎడమవైపు దాంట్లో బొటనవేలు పెట్టాలి. తర్వాత కుడివైపు దాంట్లో పెట్టాలి. ఎడమ దాంట్లో వేలు ఆగదు, అవతలికి పోతుంది. కుడి దాంట్లో ఆగుతుంది. ఆ తర్వాత, నీకే రకం కావాలి నాయనా అని ఆమె అడిగేది. కుంటికాలితో మొదట వచ్చినవాడు మదనపాలుడే. కుడివైపు గుంటలో వేలు పెట్టి ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత పతకంతో కప్పుకోకుండా తన కవచం మీది గుంటతోనే తిరిగాడు.

సూరాంబ ముసలిదైపోయేదాకా సుత్తి కొడుతూనే ఉంది. సుత్తి ఆపినప్పుడల్లా పక్కనున్న చాప వైపు ఒకసారి చూసేది. ఏడుపేమీ వినబడేది కాదు. మళ్ళీ సుత్తి ఎత్తేది.

నీతి: పరీక్షకు భయపడే అందాన్ని నమ్మి ప్రాణం అప్పగించకూడదు, అది తప్పని తెలిసినవాళ్ళు మెప్పు కోసం నోరు మూసుకోనూకూడదు.